రేస్ వాకింగ్‌ను ‘వడినడక’ అనవచ్చా?

పెద్దలకు, మిత్రులకు నమస్కారం. నల్లగొండ నుంచి రాస్తున్నాను.

2025 సెప్టెంబరులో టోక్యోలో ప్రపంచ అథ్లెటిక్స్ పోటీలు జరిగాయి కదా. అందులో పురుషుల 20 కిలోమీటర్ల రేస్ వాకింగ్ దృశ్యాలను మొన్న రాత్రి ఫోనులో మా అక్క కూతురికి చూపించాను. ఆరో తరగతి పిల్ల. రెండు నిమిషాలు కళ్లార్పకుండా చూసి, “మామయ్యా, వీళ్లు నడుస్తున్నారా, ఉరుకుతున్నారా?” అని అడిగింది. నడుస్తున్నారన్నాను. “దీన్ని ఏమంటారు?” అంది. రేస్ వాకింగ్ అన్నాను. “తెలుగులో?” అంది. నా దగ్గర జవాబు లేదు. రాత్రంతా అదే ఆలోచన.

పత్రికల్లో ‘రేస్ వాకింగ్’ అనో, ‘నడక పోటీ’ అనో రాస్తున్నారు. నడక పోటీ అంటే ఎన్.జి. కళాశాల మైదానంలో పొద్దున్నే నడిచేవాళ్లందరికీ పెట్టే సరదా పోటీ కూడా కావచ్చు. టోక్యోలో బ్రెజిల్ నడకగాడు కాయో బోన్‌ఫిం 20 కిలోమీటర్లను 1 గంట 18 నిమిషాల 35 సెకన్లలో ముగించి బంగారు పతకం గెలిచాడు. కిలోమీటరుకు నాలుగు నిమిషాలు కూడా పట్టలేదు. నల్లగొండ నుంచి నార్కట్‌పల్లి దాకా ఉన్నంత దూరాన్ని ఒక్కసారి కూడా పరుగెత్తకుండా అంత వేగంతో దాటడమంటే, ‘నడక’ అన్న ఒక్క మాట దాన్ని మోయలేదు.

మా పిల్ల ‘ఉరుకు’ అన్నది ఊరికే తోచి కాదు. మన వైపు పరుగును ఉరుకు అనే అంటాం. అదే ఉరుకు పుస్తకాల తెలుగులో దూకడం కూడా. గోడ ఉరికాడు, బావిలోకి ఉరికాడు అని చదువుకున్నాం. ఈ రెండర్థాలూ వేరు వేరని ఇన్నాళ్లూ అనుకున్నాను. కానీ పరుగంటే ఏమిటి? ప్రతి అడుగుకూ రెండు కాళ్లూ ఒక్క క్షణం గాలిలో ఉండడం. అంటే చిన్న చిన్న దూకుళ్ల వరుస. ఈ ఆటలో మొదటి నిషేధం సరిగ్గా అదే. ఉరికితే తప్పు. మన దక్షిణ తెలంగాణ పలుకుబడిలో నిలిచిన మాట ఆట నియమాన్ని అంత దగ్గరగా పట్టుకుంటుందని నేనెప్పుడూ గమనించలేదు.

ఉరకకుండా వేగంగా పోవడానికి ‘వడి’ ఉంది. వడివడిగా అడుగులు వేశాడంటే ఎవరికైనా అర్థమవుతుంది. అందుకే ‘వడినడక’ అందామని నా ప్రతిపాదన. ఒప్పుకుంటారా? తప్పుంటే దిద్దండి, నొచ్చుకోను.

దేవరకొండ నుంచి, తెలుగు ఉపాధ్యాయిని:

తమ్ముడూ, మాట బాగుంది. వడి, నడక రెండూ తెలుగు మాటలే, అతుకు కనబడదు. ‘శీఘ్రగమనం’ అని ఎవరైనా అనబోతే నేను ముందే అడ్డుపడతాను. అది పిల్లల నోట నిలవదు.

వడి నడకకే చెందుతుందనడానికి పోతన సాక్ష్యం ఒకటి ఇస్తాను. గజేంద్రమోక్షంలో విష్ణువు ఏమీ చెప్పకుండా బయలుదేరిపోతాడు. వెనకాల లక్ష్మీదేవి, అడిగేద్దామని ‘కడువడిఁ జను’. అడిగినా బదులు చెప్పడేమోనని ఆగుతుంది. అడుగు వేస్తుంది, వేయలేకపోతుంది. ఆ కంద పద్యాన్ని పైకి చదివి చూడు, నాలుక కూడా తడబడుతుంది. అక్కడ కడువడి అంటే పరుగు కాదు. ఆమె నడుస్తూనే వేగంగా పోతోంది.

ఇంకొకటి. ఛందస్సులో యతికి వడి అని కూడా పేరు. పాదం మొదటి అక్షరానికీ, యతి స్థానంలో అక్షరానికీ మైత్రి కుదరాలి. కుదరకపోతే పద్యం ఎంత ధాటిగా సాగినా అది తప్పిన పద్యమే. నువ్వు చెప్పిన ఆటలోనూ ముందు చేరడం ఒక్కటే చాలదు కదా, పాదం పడవలసిన చోట పడవలసిన తీరుగా పడాలి. పద్యానికీ పాదాలే, మనిషికీ పాదాలే. ఈ పోలిక నీ మాటకు బలమో కాదో తెలియదు కానీ, చెప్పకుండా ఉండలేకపోయాను.

నారాయణపేట నుంచి, మగ్గం ఇంటివాడు:

అన్నా, నమస్తే. మీరు వడి అంటే వేగం అన్నారు, టీచరమ్మ యతి అన్నారు. మా ఇంట్లో వడి అంటే దారానికి ఎక్కించే మెలి. నూలు వడకడమనే మాట అందరికీ తెలుసు; వడికేటప్పుడు దారంలో పడేదే వడి. అది తక్కువైతే పోగు లాగగానే తెగుతుంది. ఎక్కువైతే పోగు తనలో తాను చుట్టుకుని ముడిపడుతుంది. చేతికి తెలిసే కొలత అది.

మీ పోస్టు చూశాక నేనూ ఆ దృశ్యాలు వెతికి చూశాను. వాళ్ల నడుము చూశారా? అడుగు ముందుకు పడుతుంటే తుంటి దానితోపాటు ముందుకు తిరుగుతుంది, భుజాలు ఎదురు వైపు తిరుగుతాయి. పైభాగం ఒకవైపు, కిందిభాగం ఒకవైపు. అచ్చం వడి ఎక్కుతున్న పోగే. అడుగులన్నీ ఇంచుమించు ఒకే గీత మీద పడుతున్నాయి. తుంటి తిరగకపోతే అంత అంగ సాగదు. కాబట్టి వడినడకలో వేగమూ ఉంది, మెలీ ఉంది. మీరు ఒక్కటి అనుకుని పెట్టిన మాటలో రెండూ దొరికాయి.

మహబూబ్‌నగర్ నుంచి, వ్యాయామ ఉపాధ్యాయుడు:

సార్, మాట దగ్గర మీరంతా సంతోషిస్తున్నారు, నేనూ సంతోషిస్తున్నాను. నా బాధ వేరు. ఇదివరకు ఒక పాఠశాలలో పనిచేసినప్పుడు ఇద్దరు పిల్లలకు ఈ నడక నేర్పడం మొదలుపెట్టాను. మంచి ఊపిరి ఉన్న పిల్లలు. వారం తిరగకుండానే మానేశారు. కారణం నవ్వులు. దారిన పోయేవాళ్లు ‘కులుకు నడక’ అన్నారు, ‘వయ్యారం’ అన్నారు. మగపిల్లలు తుంటి తిప్పి నడిస్తే మన వాళ్లకు ఉన్న మాటలు అవే. ప్రపంచ విజేత బోన్‌ఫిం కూడా తమ ఊరి వీధుల్లో సాధన చేసేటప్పుడు ఎగతాళి పడ్డానని చెప్పుకున్నాడు. అతని తల్లి కూడా నడక క్రీడాకారిణే, ఆమే శిక్షణ ఇచ్చింది. అలాంటి ఇంటివాడికే తప్పలేదు.

మన దేశానికి ఈ ఆటలో పేరు లేకపోలేదు. 1982 ఢిల్లీ ఆసియా క్రీడల్లో చాంద్ రామ్ 20 కిలోమీటర్లలో స్వర్ణం తెచ్చాడు. 2012 లండన్ ఒలింపిక్స్‌లో కేరళ కుర్రాడు ఇర్ఫాన్ పదో స్థానంలో నిలిచాడు. హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో మంజు రాణితో కలిసి కాంస్యం గెలిచిన రామ్ బాబూ అంతకుముందు ఉపాధి హామీ పనుల్లో మట్టి తవ్వినవాడు. పాలమూరు పిల్లలకు ఇంతకంటే దగ్గరి మనిషి ఎవరు? ‘వడి ఎక్కిన నడక’ అని చెప్పగలిగితే ‘కులుకు’ అన్నవాడికి జవాబు ఉంటుంది. అయితే పేరు ఒక్కటే చాలదు. నియమం కూడా తెలుగులో, పిల్లలకు ఒక్క దెబ్బకు ఎక్కేలా కావాలి. నేను చెప్పే నియమం మధ్యలో నాలుగు ఇంగ్లిషు ముక్కలు వస్తున్నాయి. ఆ పని చేసిపెట్టండి.

నల్లగొండ నుంచి, మొదట రాసినవాడిని:

మీరందరూ ఇచ్చినదానికి చేతులెత్తి మొక్కుతున్నాను. నారాయణపేట తమ్ముడు చెప్పిన మెలి నా ఊహలోకే రాలేదు. వడిసెలలోనూ ఈ వడి ఉందని నమ్మాలనిపిస్తోంది. జొన్నచేల మంచె మీద పిట్టలను కొట్టినది, మా జిల్లాలో రజాకార్ల మీదికి రాళ్లు రువ్వినది అదే కదా. గిరగిరా తిప్పి వడిగా విసరడమే దాని పని. కానీ ఆధారం చూపించగలిగేదాకా దాన్ని వాదనలోకి తేను.

వ్యాయామ ఉపాధ్యాయులు గారూ, మీ ప్రశ్నకు జవాబు మా అమ్మ నోట దొరికింది. అదే వీడియో ఆమె ముందు పెడితే, “నాకు కళ్లు ఆనడం లేదు, నువ్వే చెప్పు” అంది. కనపడటం లేదనడానికి మన పెద్దవాళ్లు అనే మాటే. నేను చెప్పడం మొదలుపెట్టాను: “ఒక కాలు నేలకు ఆని ఉండాలమ్మా...” అక్కడే ఆగిపోయాను. కాలు నేలకు ఆనడం. కంటికి ఆనడం. ఒకే క్రియ!

ఈ ఆట నియమమంతా ఆ క్రియ మీదే నిలబడి ఉంది. నడిచేవాడి రెండు కాళ్లూ ఒకేసారి నేలను విడిచినట్టు మనిషి కంటికి కనిపించకూడదన్నది అసలు నియమం. యంత్రం చూడదు, మనిషే చూడాలి. మేటి నడకగాళ్లు నిమిషానికి రెండు వందలకు పైగా అడుగులు వేస్తారు. వీడియోను నిదానంగా తిప్పి చూస్తే రెండు కాళ్లూ రవ్వంత లేచిన క్షణాలు దొరుకుతాయి. అయినా అది తప్పు కాదు, ఎందుకంటే న్యాయనిర్ణేత కంటికి ఆనలేదు. దీన్ని మన మాటలో ఇలా చెప్పి చూశాను:

“వెనక కాలు లేవకముందే ముందు కాలు ఆనాలి. ఆనిన కాలు, ఒళ్లు దాని మీదికి నిటారుగా వచ్చేదాకా, మోకాలు మడవకూడదు. తప్పిన అడుగు కంటికి ఆనిందా, ఎర్ర కార్డు.”

అమ్మకు అర్థమైంది. “అయితే చూసేవాడి కళ్లు బాగుండాలి” అంది. ఆ మాట నిజం. దారి పొడవునా గరిష్ఠంగా తొమ్మిది మంది న్యాయనిర్ణేతలు నిలబడి, ఎవరికి వారే చూస్తారు. అనుమానం వస్తే పసుపు పలక చూపి హెచ్చరిస్తారు. దాని మీద అలలాంటి గీత ఉంటే కాలు లేస్తోందని, కోణంలాంటి గుర్తు ఉంటే మోకాలు వంగుతోందని. ముగ్గురు వేర్వేరు నిర్ణేతల నుంచి ఎర్ర కార్డులు పడితే 20 కిలోమీటర్ల పోటీలో రెండు నిమిషాలు పక్కన ఆగాలి. నాలుగోది పడితే పోటీ నుంచే బయటికి. టోక్యోలో, సొంత గడ్డ మీద, ప్రపంచ రికార్డు చేతిలో ఉన్న జపాన్ నడకగాడు యమనిషి ఆ రెండు నిమిషాలూ ఆగవలసి వచ్చింది. ఆ దృశ్యం చూస్తే గుండె పిండినట్టయింది. 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో మెక్సికో నడకగాడు సెగూరా అందరికంటే ముందు గీత దాటాడు. వాళ్ల దేశాధ్యక్షుడితో ఫోనులో మాట్లాడుతుండగా అతనికి, పోటీ నుంచి తొలగించినట్టు, ఎర్ర పలక చూపించారు. బంగారం పోలండుకు చెందిన కోర్జెనియోవ్‌స్కీకి వెళ్లింది.

సూర్యాపేట నుంచి, విశ్రాంత గుమస్తా:

నాయనా, వడినడక ఒప్పుకుంటాను. వెనకాల ‘పోటీ’ అంటావా, ‘పందెం’ అంటావా? పరుగు పందెం ఉంది, మేళ్లచెరువు జాతరలో ఎడ్ల పందేలు ఉన్నాయి. పందెమంటేనే ఊళ్లో జనం చేరతారు. పోటీ అంటే పరీక్షలా వినబడుతుంది.

ఇంకొక సంగతి. ఆ రెండు నిమిషాలు ఆపే చోటుకు పేరు పెట్టావా? చేలో పడిన పశువులను కట్టేసే బందెల దొడ్డి గుర్తొచ్చింది నాకు.

నల్లగొండ నుంచి:

బాబాయి గారూ, పందెమే బాగుంది, ‘వడినడక పందెం’ అందాం. బందెల దొడ్డి అర్థానికి సరిగ్గా సరిపోతుంది: తప్పు చేస్తే కొంతసేపు బందీ, తర్వాత విడుదల. కానీ పదిహేను కిలోమీటర్లు ఒళ్లు వంచి నడిచివచ్చిన మనిషిని దొడ్డిలో పెట్టామనడానికి నాకు మనసొప్పడం లేదు. ‘ఆపుగడి’ అనుకుంటే ఎలా ఉంటుంది? తొక్కుడు బిళ్ల ఆడిన పిల్లలకు గడి అంటే తెలుసు.

దేవరకొండ నుంచి:

ఆపుగడి ఖాయం. నేను రేపు తరగతిలో వాడతాను.

మహబూబ్‌నగర్ నుంచి, రెండు రోజుల తర్వాత:

సార్, మీరు రాసిన మూడు వాక్యాలు నిన్న పొద్దున స్టేడియంలో పదకొండు మంది పిల్లల చేత చెప్పించాను. తర్వాత ఇద్దరిద్దరిని నడిపించి, మిగతావాళ్లను న్యాయనిర్ణేతలుగా నిలబెట్టాను. “ఆనింది సార్, ఆనింది!” అని అరుపులు. కాలు ఆనిందో, తప్పు కంటికి ఆనిందో మొదట వాళ్లకూ తికమకే. కాసేపటికి వాళ్లే సర్దుకున్నారు: కాలికి ‘ఆనింది’, కంటికి ‘కనబడింది’. నేను చెప్పకుండానే విడదీశారు. మీ వాక్యంలో మార్చాలేమో చూడండి.

ఒక అమ్మాయి అడిగిన ప్రశ్నకు మాత్రం జవాబు చెప్పలేకపోయాను. ఈ నడకలో మొదట మడమ ఆనుతుంది, వేళ్లు పైకి చూస్తుంటాయి, తర్వాత పాదం ముందుకు దొర్లుతూ వేళ్ల మీదుగా లేస్తుంది. “ఆ దొర్లడానికి ఏమనాలి సార్?” అంది. ఒరగడం కాదు, జారడం కాదు. మీ ఊళ్లలో మాట ఏదైనా ఉంటే రాయండి. ఆదివారం మళ్లీ పిల్లలు వస్తారు.