అప్‌డేట్: రోడ్ సైకిల్‌పై రాచకొండ వెళ్లొచ్చాను

25 ఎంఎం వెడల్పు సన్న టైర్లున్న రోడ్ సైకిల్‌తో పోచంపల్లి నుంచి చౌటుప్పల్, నారాయణపురం మీదుగా రాచకొండ కోటకు చేరగలనా అని పోయిన నెల ఇక్కడ అడిగాను కదా. ఆదివారం వెళ్లొచ్చాను.

మీరు చెప్పినట్టే కాస్త వెడల్పైన 28 ఎంఎం టైర్లు, వెనక చక్రానికి 32 పళ్ల దాకా ఉండే క్యాసెట్ (గేరు పళ్లచక్రాల సెట్) వేయించా. ఆ తేలిక గేరు వల్లే ఎత్తులో ఒక్కచోటా దిగలేదు. కంకర తేలిన చోట మాత్రం టెన్షన్ పడ్డాను. గాలి కొంచెం తగ్గించాక పట్టు దొరికింది.

1951లో భూదానోద్యమం మొదలైన పోచంపల్లిలో తెల్లవారుజామున చాయ్ తాగి బయల్దేరాను. నారాయణపురం దాటాక అన్నీ గుట్టలే. ఒకప్పుడు రాచకొండను ఏలిన రేచర్ల పద్మనాయకుల కోట, ఆ బండల మధ్య రాతి ద్వారం! సైకిల్ ఆనించి కూర్చుంటే లేవబుద్ధి కాలేదు.

మూడు సీసాల నీళ్లు తీసుకుపొమ్మన్న అన్నకు దండాలు. పైన నాకు ఒక్క దుకాణమూ కనబడలేదు. వచ్చే నెల దేవరకొండ కోట.