అప్‌డేట్: కన్య గర్భం నమ్మలేకపోతున్నా కన్ఫర్మేషన్ తీసుకోవచ్చా?

కన్య మరియకు యేసు పుట్టాడన్నది నా మనసుకి ఎక్కడం లేదు, అలాంటప్పుడు కన్ఫర్మేషన్‌లో, అంటే చిన్నప్పుడు బాప్తిస్మం పొందినవాళ్లు పెద్దయ్యాక చర్చిలో తమ విశ్వాసాన్ని తామే ఒప్పుకునే ఆచారంలో, ఆ మాట ఉన్న విశ్వాస ప్రమాణం అందరితో పాటు పైకి చెప్పడం మోసం కాదా అని ఒడిశాలోని కొరాపుట్ జిల్లా జయపురం నుంచి అడిగాను కదా. మా లూథరన్ చర్చి పాస్టరు గారిని కలిశాను.

చీవాట్లు పెడతారనుకుంటే బైబిలు తెరిపించారు. ఈ సంగతి మత్తయి, లూకా సువార్తల్లోనే ఉంది. మార్కు యేసు పుట్టుక ఊసెత్తకుండా నేరుగా బాప్తిస్మమిచ్చే యోహానుతో మొదలెడతాడు. పౌలు గలతీయులకు రాస్తూ స్త్రీకి పుట్టాడని మాత్రం అని ఊరుకున్నాడు. క్రీ.శ. 325 నాటి నికయ సభ రాసిన విశ్వాస ప్రమాణంలో మరియ పేరే లేదు, 381లో చేరింది. ఇవన్నీ నా వైపే కదా అనుకున్నాను. కానీ మత్తయిలో జ్ఞానులు, లూకాలో గొల్లలు, కథలు రెండూ వేర్వేరు. అయినా ఈ ఒక్క విషయంలో ఇద్దరిదీ ఒకే మాట. అది గట్టిగానే తగిలింది.

మా అమ్మమ్మకి ఈ లెక్కలేవీ పట్టలేదు. దారం కట్టిన కళ్లజోడు సర్దుకుని, మత్తయి మొదటి అధ్యాయం మీద పసుపంటిన వేలు ఆనించి, "మరియని చేసుకోబోయే యోసేపే ముందు నమ్మలేదురా, ఆవిణ్ని గుట్టుగా వదిలేద్దారనుకున్నాడు. నీదేటి కొత్త?" అంది.

ఆ గర్భం దేవుడి వల్లే అని యోసేపుకి కలొచ్చింది, నాకు రాలేదు. అదే నా పేచీ.

పునరుత్థానం, అంటే యేసు చనిపోయి తిరిగి లేచాడన్నది, నమ్ముతావా అని పాస్టరు గారు అడిగారు. నమ్ముతానన్నాను. అయితే కన్ఫర్మేషన్‌కి పేరు రాయించుకో, దీని సంగతి నెమ్మదిగా చూద్దాం అన్నారు. రాయించాను. మా నాన్నకి మాత్రం ఇంకా చెప్పలేదు.