యాదిమరుపు, మతిమరుపు ఒకటేనా?

అల్జైమర్స్ వ్యాధికి మతిమరుపు అన్న మాట ఉండగా నల్లగొండ వాళ్ళు యాదిమరుపు అనడమెందుకని మొన్న ఇక్కడ ఒకరు అడిగారు. యాది పారసీ నుంచి ఉర్దూ మీదుగా వచ్చింది, మతి సంస్కృతం. అయితే నా పట్టుదల పుట్టుక గురించి కాదు. మా వైపు ఈ రెండు మాటలకు వేర్వేరు పనులున్నాయి. తాళంచెవి ఎక్కడ పెట్టామో "యాదికొస్తలేదు" అంటాము. "మతి తప్పింది" అన్నప్పుడు పోయినది జ్ఞాపకం కాదు, తెలివిడి.

మిర్యాలగూడ దగ్గర ఉండే మా మేనత్తకు ఎనభై దాటాయి. తిన్న కంచం కడిగి బోర్లించిన తడి ఆరకముందే "ఇంక బువ్వ తినలే బిడ్డా" అంటుంది. అదే మనిషి, నాగార్జునసాగర్ కట్టేటప్పుడు తట్టలు మోసిన రోజులను మేస్త్రీ పేరుతో సహా చెబుతుంది.

ఈ వ్యాధిలో మెదడు కణాల బయట అమైలాయిడ్ అనే ప్రోటీన్ పేరుకొని, లోపల టౌ అనే ప్రోటీన్ చిక్కుపడి, మొదట కణానికీ కణానికీ మధ్య ఉన్న సంధులు తెగిపోయి, ఆ తర్వాత కణాలే చనిపోతాయి. 1906లో జర్మన్ వైద్యుడు అలోయిస్ అల్జైమర్, మరణించిన ఒక రోగి మెదడులో సూక్ష్మదర్శిని కింద చూసినవి ఆ పేరుకున్న మచ్చలూ ఆ చిక్కులే. సాధారణంగా ఈ నష్టం తొలుత తగిలేది మెదడులో హిప్పోక్యాంపస్ అనే భాగానికి, దానిని ఆనుకొని ఉన్న భాగానికి. కొత్త అనుభవాన్ని నిలవ చేయడం అక్కడి పని. పాత జ్ఞాపకాలు మెదడు పైపొరలో విస్తరించి ఉంటాయి కనుక ఆమెకు సాగర్ మిగిలింది, మధ్యాహ్నపు బువ్వ మిగలలేదు.

నిజానికి ఇక్కడ "మరుపు" అన్న సగమే నాకు అనుమానం. మరవాలంటే ముందు లోపల నిలవాలి కదా! అత్త తిన్నది మరవలేదు, ఆమె మెదడు దానిని యాదిపెట్టుకోలేదు. "యాదిపెట్టుకో" అని పిల్లలకు రోజూ చెప్పే మాటలోని ఆ "పెట్టుకోవడమే" చెడింది.

చిత్తవైకల్యం అనవచ్చని ఇంకొకరు సూచించారు. అది డిమెన్షియాకు, అంటే జ్ఞాపకం, తెలివిడి తగ్గిపోయే జబ్బులు మొత్తానికి సరిపోయే పుస్తకాల మాట. అల్జైమర్స్ అందులో ఒకటి మాత్రమే. వ్యాధి ముదిరి మెదడు ముందుభాగానికి పాకితే మంచిచెడ్డల విచక్షణ కూడా దెబ్బతింటుంది. పోయిన నెల అత్త తడి చీరను బియ్యం డబ్బాలో దాచింది. ఆ రోజు ఇంట్లో ఎవరూ యాదిమరుపు అనలేదు. "అత్తకు మతి తప్పుతున్నది" అన్నారు.