కూడికల్లో తడబడే పిల్లవాడికి ఇంట్లో ఎలా నేర్పాలి?

ప్రశ్న: మూడో తరగతి చదువుతున్న మా అబ్బాయి కథల పుస్తకాలు ధారాళంగా చదువుతాడు కానీ, 8కి 5 కలపమంటే ఇప్పటికీ ఒకటి నుంచి వేళ్లు లెక్కపెడతాడు. పరీక్షించిన నిపుణులు డిస్కాల్క్యులియా (అంకెలు, లెక్కలు నేర్చుకోవడంలో ఉండే ప్రత్యేక ఇబ్బంది) అన్నారు. ఇంట్లో సాధన ఎలా చేయించాలి?

జవాబు 1: ముందుగా బట్టీ పట్టించడం ఆపండి. పది గడుల పట్టిక గీసి, అందులో 8 గింజలు, బయట 5 గింజలు పెట్టించండి. ఖాళీగా ఉన్న రెండు గడులను ఆ అయిదులోంచి నింపితే పది పూర్తయి, బయట మూడు మిగులుతాయని బాబు తన చేతులతో చేసి చూసుకోవాలి. ఇది అలవడ్డాక గింజల బదులు చుక్కలు గీయించి, ఆ తరువాతే 8 + 5 = 13 అని రాయించండి. నేరుగా అంకెల్లోకి దూకితే కథ మళ్లీ మొదటికొస్తుంది.

జవాబు 2: వేళ్లు వాడవద్దని మాత్రం అనకండి. పెద్ద సంఖ్యను మనసులో ఉంచుకుని 9, 10, 11 అంటూ ముందుకు లెక్కించడం నేర్పండి. గడియారం పెట్టి లెక్కలు చేయించడం నా దృష్టిలో శుద్ధ దండగ. కంగారులో తెలిసిన లెక్క కూడా తప్పుతుంది.

జవాబు 3: రెండంకెల తీసివేతలకు గళ్ల కాగితం వాడండి. గడికొక అంకె చొప్పున రాయిస్తే ఒకట్ల కింద ఒకట్లు, పదుల కింద పదులు వస్తాయి.