స్కాండినేవియాలో నిజంగా ఆడ సముద్రపు దొంగలు ఉండేవారా?

కడలికెరటం:
అవిల్డా కథ చదివాను. డెన్మార్క్ యువరాజు ఆల్ఫ్‌తో పెళ్లి ఇష్టంలేక ఓడెక్కి వెళ్లిపోయి, నాయకుడు చనిపోయిన ఒక దొంగల ముఠాకి తనే నాయకురాలైందట, చివరికి ఆల్ఫ్ చేతిలోనే ఓడిపోయి అతన్నే పెళ్లి చేసుకుందట. ఇందులో నిజమెంత? రికార్డుల్లో దొరికే మనిషి ఎవరైనా ఉన్నారా?

పాతపుటలు:
అది 1200 ప్రాంతంలో సాక్సో గ్రమాటికస్ అనే డేనిష్ రచయిత రాసిన గ్రంథంలోని కథండీ, చరిత్రగా తీసుకోలేం. మీరు స్వీడన్‌కి చెందిన ఇంగేలా గాథెన్‌హీల్మ్ గురించి చదవండి. 1692లో పుట్టింది. ఆమె భర్త లార్స్‌కి 1710లో రాజు 12వ చార్లెస్ శత్రుదేశాల వర్తక ఓడల్ని పట్టుకోవడానికి లైసెన్స్ ఇచ్చాడు, ఎందుకంటే అప్పుడు స్వీడన్ అటు రష్యాతోనూ ఇటు డెన్మార్క్‌తోనూ యుద్ధంలో ఉంది. 1718లో లార్స్ ముప్పై నిండకుండానే చనిపోయాడు. చిన్న వయసులో పిల్లలతో మిగిలిన ఈమె ఓడల్ని అమ్ముకుని ఇంట్లో కూర్చోలేదు, గోథెన్‌బర్గ్‌లో ఆ వ్యాపారం మొత్తం తన చేతుల్లోకి తీసుకుని, 1720, 1721ల్లో శాంతి ఒప్పందాలు కుదిరేదాకా నడిపింది. ఆమె కత్తి పట్టిందని నేను చెప్పను. కానీ ఓడలకి మనుషుల్ని, సరుకుల్ని సమకూర్చడం, పట్టుకున్న సరుకుని అమ్మడం, లెక్కలు తేల్చడం, ఇదంతా యుద్ధం మధ్యలో చేయడం నా దృష్టిలో అవిల్డా కథకంటే గొప్ప విషయం.

ఉప్పుగాలి:
లైసెన్స్ ఉంటే దొంగ కాదా అండీ? ఓడ పోగొట్టుకున్న డేనిష్ వర్తకుడికి రాజు సంతకం ఉన్నా లేకపోయినా నష్టం ఒకటే కదా. ఆమె సామర్థ్యాన్ని కాదనను, కానీ ఆ డబ్బు ఎక్కణ్నుంచి వచ్చిందో కూడా చెప్పాలి.

పాతపుటలు:
నిజమే, ఒప్పుకుంటాను. అయితే చట్టం దృష్టిలో మాత్రం ఆ తేడా ప్రాణాల మీదికొచ్చేంత పెద్దది. అదే గోథెన్‌బర్గ్ దగ్గర వ్రాంగో దీవిలో యోహన్నా హోర్డ్ అనే వితంతువు ఉండేది. 1823లో ఫ్రావ్ మెట్టె అనే డేనిష్ ఓడని దోచుకుని సిబ్బందిని చంపారన్న కేసులో కొందరు మగవాళ్లతో పాటు ఈమెనీ పట్టుకున్నారు. వాళ్లకి ఏ రాజు అనుమతీ లేదు, కాబట్టి అది నేరుగా హత్య, దోపిడీ కేసు. మగవాళ్లలో కొందరికి తల నరికే శిక్ష పడింది, యోహన్నాని సాక్ష్యం చాలక వదిలేశారు.