జగత్తు మిథ్య అంటే వస్తువుకు విలువ లేదనా?

వేపచెట్టు:
"తూర్పు దేశాలవాళ్లకు లోకమంతా మాయ, అందుకే వస్తువును ఏనాడూ పట్టించుకోలేదు" అని మా ఆఫీసులో ఒకాయన గట్టిగా వాదించాడు. శంకరులే జగత్తు మిథ్య అన్నారు కదా అంటే నాకు జవాబు తోచలేదు. మీరేమంటారు?

సూదిదారం:
అది సగం చదివి అనే మాటండీ. మిథ్య అంటే అసలు లేనిదని కాదు. బయటి వస్తువులు లేవు, ఉన్నదంతా మనసులోని తలపే అన్న బౌద్ధ విజ్ఞానవాదులను బ్రహ్మసూత్ర భాష్యం రెండో అధ్యాయంలో ఖండించింది శంకరులే. స్తంభం, గోడ, కుండ, గుడ్డ ఎదురుగా తెలుస్తుంటే లేవని ఎలా అంటారని నిలదీశారు. మెలకువలో చూసేది కలలాంటిది కాదనీ అన్నారు. రామానుజులైతే ఈ జగత్తు భగవంతుడి శరీరమే అన్నారు. వైశేషికులనే తాత్వికులు వస్తువును విడదీసుకుంటూ పరమాణువుల దాకా వెళ్లారు. ఇంతమందిని పక్కన పెట్టి ఒక్క ముక్క పట్టుకుంటే ఎలా?

పుస్తకాలు వదిలేయండి. మా నాన్న టైలరు. ఆయుధపూజ నాడు మిషన్ అంతా తుడిచి, చక్రానికి నూనె వేసి, కత్తెరకు పసుపు రాసి కుంకుమ పెట్టేవాడు. పండగ బట్టలకి ఎంత తొందర ఉన్నా ఆ రోజు పెడల్ మీద కాలు పెట్టేవాడు కాదు. జపాన్‌లో ఫిబ్రవరి 8న హరి కుయో చేస్తారు. విరిగిన సూదులను గుడికి తీసుకెళ్లి మెత్తటి టోఫూలో గుచ్చుతారు, ఇన్నాళ్లూ గట్టి గుడ్డల్లో కష్టపడ్డాయి కదా అని. వస్తువంటే లెక్కలేనివాళ్లు చేసే పనేనా ఇది?

చెరువుగట్టు:
మా తాత చెప్పులు కుట్టేవాడు. ఆయనా తోలు కుట్టే ఆరెకు, తోలు కోసే రంపెకు బొట్టు పెట్టుకునేవాడు. ఆయన కుట్టిన చెప్పులు అరుగు దాకా వెళ్లేవి, ఆయనను మాత్రం అరుగు ఎక్కనిచ్చేవారు కాదు. పనిముట్టుకు దండం పెట్టి, పని చేసే చేతిని దూరం పెట్టిన సమాజం వస్తువును గౌరవించిందంటే నేనెలా ఒప్పుకోను?

సూదిదారం:
కాదనలేనండీ. పూజ ఒక్కటే చూపించి గొప్ప చెప్పుకోవడం నా తొందరపాటే. అయితే ఆ తప్పును మాయావాదం మీదకు నెట్టలేం. లోకం నిజమని నమ్మినవాళ్ల ఊళ్లలోనూ ఆ అరుగులు అలాగే ఉండేవి. మీ తాతగారి ఆరె ఇప్పుడెక్కడుంది?

చెరువుగట్టు:
నా దగ్గరే. కర్రపిడి మీద ఆయన బొటనవేలు ఆనిన చోట గుంట పడింది. దసరాకి నేనే బొట్టు పెడతాను.