ఎండలో పెట్టిన కూల్‌డ్రింకుల్లో బెంజీన్ పుడుతుందా?

గోదావరి_పిల్ల: మా వీధి కొట్టు ముందు నిమ్మ, నారింజ డ్రింకుల కేసులు పొద్దస్తమానం ఎండలోనే ఉంటాయి. రోహిణి కార్తెలో కూడా! అడిగితే “ఫ్రిజ్‌లో పెట్టే ఇస్తాగా అమ్మా” అంటాడు. క్యాన్సర్ తెచ్చే బెంజీన్ పుడుతుందని వాట్సాప్‌లో తిరుగుతోంది. నిజమేనా?

పాత_కెమిస్ట్రీ: ఈసారి వాట్సాప్ సగం నిజమే చెప్పిందండీ. డ్రింకు పాడవకుండా కలిపే సోడియం బెంజోయేట్, విటమిన్ సి ఒకే సీసాలో ఉంటేనే ఈ గొడవ. లేబుల్ మీద బెంజోయేట్‌కి 211, విటమిన్ సికి 300 అని ఉంటాయి చూడండి. నీళ్లలో జాడగా ఉండే రాగి, ఇనుము తోడైతే విటమిన్ సి హైడ్రాక్సిల్ రాడికల్స్‌ని, అంటే దేనితోనైనా చటుక్కున చర్య జరిపే కణాల్ని, పుట్టిస్తుంది. అవి బెంజోయేట్ నుంచి కార్బన్ డయాక్సైడ్‌ని ఊడగొడితే మిగిలేది బెంజీన్. వేడి, వెలుతురు తగిలితే ఇంకా వేగం. ఈ సంగతి అమెరికాలో ఆహారం, మందుల మీద నిఘా పెట్టే ఎఫ్‌డీఏకీ, కంపెనీలకీ 1990లోనే తెలుసు. 2005 నుంచి మళ్లీ దాదాపు 200 నమూనాలు పరీక్షిస్తే 10 ఉత్పత్తుల్లో బెంజీన్ 5 పీపీబీ (వంద కోట్ల భాగాల్లో 5 భాగాలు) దాటింది. అక్కడ తాగునీటికి పరిమితి అంతే.

కొట్టు_సూరిబాబు: ఆ పదీ ఫార్ములా మార్చుకున్నాయటగా? మిగతావి బాగున్నట్టేగా? నాదీ కొట్టే సార్. పదడుగుల గదిలో కేసులన్నీ ఎక్కడ సర్దను? పెట్రోల్ బంకులో పీల్చేదాని మాటేంటి మరి?

పాత_కెమిస్ట్రీ: పెట్రోలు, సిగరెట్ పొగల నుంచి వచ్చేదే ఎక్కువ, కాదనను. కానీ సూరిబాబు గారూ, అవి అమెరికాలో కొన్న సీసాలు. 45 డిగ్రీల్లో వారాల తరబడి మగ్గిన సీసాకీ అదే లెక్కంటే ఎలా? బెంజీన్ లుకేమియా (రక్త క్యాన్సర్) తెస్తుందన్నది పుకారేం కాదు. ఇంకోటి, చక్కెర ఈ చర్యని కొంత అణుస్తుంది, అందుకని డయెట్ రకాల్లోనే భయం ఎక్కువ. ఇది చెప్పినప్పుడు షుగరున్న మా బావగారి మొహం చూడాల్సింది!

బెజవాడ_బుల్లోడు: బెంజోయేట్‌నే విషం చేసేస్తున్నారు. అది లేకపోతే ఈస్టు చేరి పులిసిపోదూ? 2021లో జేఈసీఎఫ్‌ఏ (ఆహారంలో కలిపే పదార్థాల మీద ఐక్యరాజ్యసమితి సంస్థల నిపుణుల కమిటీ) రోజువారీ పరిమితిని కిలో శరీర బరువుకి 5 మిల్లీగ్రాముల నుంచి 20కి పెంచింది.

పాత_కెమిస్ట్రీ: ఆ పరిమితి బెంజోయేట్‌కి బాబూ. మనం మాట్లాడేది దాన్నుంచి పుట్టే బెంజీన్ గురించి.

గోదావరి_పిల్ల: మా కొట్టు సీసా మీద 211 ఉంది, 300 లేదు. కానీ పండ్ల రసం ఉందని రాశారు. రసంలో విటమిన్ సి ఉండదా?

పాత_కెమిస్ట్రీ: ఉంటుంది. ఎండలో ఉన్నదైతే నేను కొననమ్మా.

కొట్టు_సూరిబాబు: సరే, కొట్టు ముందు పట్టా కడతాను. సరుకు నాకు రాకముందు పడుండేది రేకుల షెడ్డు గోడౌన్‌లో. దాని సంగతి ఎవరు చూస్తారు?